పది లక్షల ఒకటి

పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గానీ, ఒకానొక రాజ్యాన్ని భువనభూషణుడనే రాజుగారు ఏలేవారు. ఉన్న బిరుదులు చాలక, తనకంటూ ఒక సంఖ్య కూడా ఉండాలని ఆయన పట్టుబట్టారు.

ఆస్థాన గణితజ్ఞుడు శంఖపాల భట్టుగారు నెల రోజులు తలుపులు మూసుకుని లెక్కలు వేసి, పది లక్షల ఒకటిని పట్టుకొచ్చారు. ఒకటితోనూ దానితోనూ తప్ప దాన్ని ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుందనీ, ప్రభువుల రాజ్యంలాగే అది అఖండమనీ సభలో ప్రకటించారు. రాజుగారు పొంగిపోయి, దాన్ని కోట గుమ్మం మీద చెక్కించమన్నారు.

అంతఃపురానికి తమలపాకులు అందించే నాంచారమ్మ ఆ వేళకు గంపతో అక్కడే ఉంది. ఒక అంకెకు ఇంత ఆర్భాటమా అని ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును ఆపుకునే అలవాటు ఆమెకు లేదు.

భట్టుగారికి ఒళ్ళు మండింది. పది లక్షల ఒక్క తమలపాకుల్ని, ఒక్కటి కూడా మిగలకుండా, సమానమైన కట్టలుగా కట్టే దారి చెబితే తన పల్లకీ ఇచ్చేస్తానన్నారు. చెప్పలేకపోతే ఆమె ఆకుతోట తనదవుతుందన్నారు. ఆకుకొక కట్ట అనకూడదు, మొత్తం ఒకే కట్ట అనీ అనకూడదు. రాజుగారు సరేనన్నారు.

నాంచారమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె ముగ్గురు పిల్లలూ ఆ తోట మీదే బతుకుతున్నారు. నేల మీద చతికిలబడి, కాసేపు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"నూరేసి ఆకులతో పది వేల కట్టలు కడితే, ఒక ఆకు మిగులుతుంది మహారాజా," అంది.

"చూశారా ప్రభూ," అన్నారు భట్టుగారు.

"ఉండండి స్వామీ. మేం నూరు ఆకులమ్మితే కొసరు ఒకటి వేస్తాం. అందుకని నూరు కట్టలు విప్పేస్తాను. ఆ మిగిలినదాంతో కలిపి చేతిలో పది వేల ఒక ఆకు. విప్పనివి తొమ్మిది వేల తొమ్మిది వందల కట్టలు. కట్టకొక కొసరు వేశాక చేతిలో ఉండేది నూట ఒకటి. అదీ కొసరుతో సహా ఒక కట్టే."

సభంతా మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకుంది. ఒక్క ఆకూ మిగల్లేదు. రాజుగారు భట్టుగారి వైపు చూశారు. రెండు నుంచి నూరు దాకా ప్రతి సంఖ్యతోనూ భాగించాననీ, నూరు నిండింది కదా అని ఆపేశాననీ ఆయన నీళ్ళు నమిలారు.

"మా దగ్గర ఆకులు కొనేటప్పుడు మాత్రం నూరు దగ్గర ఆగరు స్వామీ," అంది నాంచారమ్మ.

రాజుగారి మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "మా అఖండ సంఖ్యను ముక్కలు చేశావు. రేపు మా రాజ్యాన్నీ ఇలాగే పంచుతావా?"

"పంచితే అందరికీ సమానంగా వచ్చింది మహారాజా, కొసరుతో సహా. రాజుగారి సంఖ్యకు అంతకన్నా మంచి గుణం ఏం కావాలి?"

రాజుగారికి కోపం నిలవలేదు, పకపకా నవ్వేశారు. తోటను తరతరాలకూ ఆమె పేరనే రాయించి, పల్లకీ తీసుకెళ్ళమన్నారు.

"పల్లకీ భట్టుగారికే ఉంచండి ప్రభూ, తోట గట్ల మీద అది పట్టదు. మోసే బోయీలు నలుగురూ వస్తే చాలు. నీళ్ళు తోడే మనుషులు లేక అల్లాడుతున్నాను."

భట్టుగారి బరువు ఎరిగిన బోయీలు, రాజుగారు తలూపకముందే తలపాగాలు బిగించి ఆమె వెంట నడిచారు. పల్లకీ దక్కిందన్న సంబరంలో మిగతా మాట వినిపించుకోక, ఎప్పటిలాగే పల్లకీ ఎక్కి కూర్చున్న భట్టుగారు, సాయంత్రం దాకా కోట ముందే ఉన్నారు.