ముప్పమ్మ ఇంటి నిప్పు

భీమేశయ్యగారికి ఒక అలవాటుండేది. తెల్లవారగానే కుండపెంకు ఒకటి చేతబట్టుకుని పక్కింటి ముప్పమ్మ దగ్గరికి వెళ్ళి నాలుగు నిప్పుకణికలు అడిగి తెచ్చుకునేవారు. సొంత పొయ్యిలో నిప్పు ఉన్నా సరే, వెళ్ళాల్సిందే.

ఒక రోజు పొద్దున్నే ఆయన కోసం పాత శిష్యుడు గుండన వచ్చి కూర్చున్నాడు. అతనిప్పుడు అమరగిరి రాజ్యానికి మంత్రి. పదేళ్ళలో మూడింతలు పెరిగిన రాజ్యం అది. అయితేనేం, సముద్రం చేరాలంటే కొండల్లో ఉన్న కనుమసీమ దాటాలి. సీమ చిన్నదే కానీ, అవతలి రాజు కూడా దాని మీదే కన్నేశాడు.

"కనుమసీమ వాళ్ళకి మూడుసార్లు కానుకలు పంపాను, గురువుగారూ. గుర్రాలు, పట్టుబట్టలు, ఏనుగు గున్న కూడా. అన్నీ తిప్పిపంపారు. కొండ తొలిచి రాచబాట వేసిస్తామన్నా పలకరు. దసరా దాటితే మా సేన కదులుతుంది. ఇక ఆ కొండల్లో ఒక్క గుడిసె మిగలదు. ఇంకేం ఇవ్వమంటారు?" ఆ పాపం తన చేతుల మీదుగా జరగడం గుండనకి ఇష్టం లేదు.

భీమేశయ్య పెంకు తీసుకుని లేచారు. బయట తుంపర పడుతోంది. ముసలాయన తడవడం చూడలేక గుండన చెకుముకి కొట్టి చిటికెలో పొయ్యి వెలిగించాడు. గురువుగారు చెంబెడు నీళ్ళు దాని మీద గుమ్మరించి, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పక్కింటికి నడిచారు. మంత్రిగారి ముఖం చిన్నబోయింది. పాపం, మంచికే చేశాడు.

ముప్పమ్మ పెంకులో నిప్పులు వేస్తూనే సణిగింది. "దగ్గు తగ్గిందా అయ్యా? వానలో ఎందుకొచ్చావు, కేకేస్తే తెచ్చేదాన్ని కదా. నీ దొడ్డి కంచె పడిపోయింది, మా ఆయన్ని పంపుతాలే."

తిరిగొస్తూ గురువుగారు అన్నారు: "ఆ కంచె తగాదాతోనే ఈవిడకీ నాకూ ఏడేళ్ళు మాటల్లేవు. పట్టుచీర పంపితే తెచ్చినవాడి మొహానే విసిరింది. ఓ పొద్దున నిజంగానే నా పొయ్యి ఆరిపోయింది. పెంకు పట్టుకుని ఈవిడ గుమ్మంలోకే వెళ్ళి నిప్పడిగాను."

"మాకేం తక్కువని వాళ్ళనడగాలి?" అన్నాడు గుండన.

"కొండదారి వాళ్ళది కదూ, నాయనా. ఎప్పుడైనా అడిగావా?"

గుండన తుంపరలోనే నిలబడిపోయాడు. తాను రాసిన లేఖలన్నీ గుర్తుకొచ్చాయి. ఇస్తాం, వేస్తాం, కాపాడతాం. అడిగిన మాట ఒక్కటీ లేదు. సిగ్గేసింది. గురువుగారి వెనకే ఇంట్లోకి నడిచాడు.

"అడిగితే కాదనొచ్చు కదా, గురువుగారూ?"

"అనొచ్చు. ముప్పమ్మ కూడా అనొచ్చు." ఆయన తెచ్చిన నిప్పులు పొయ్యిలో వేసి, వంగి ఊదుతూ అన్నారు. "అందుకే పెంకు నేనే పట్టుకెళ్తాను, ఎవరినీ పంపను."