రెల్లు బాణాల బులిరెడ్డి

కొండలు రెండు వైపులా ఏటిని నొక్కిపట్టినట్టుండే చోట ఒక అడవి ఉండేదట, పిల్లలూ. అక్కడ పగటిపూట కూడా మంచు విడిచేది కాదు. ఆ కాలంలో మనిషి మాట జంతువుకీ, జంతువు మాట మనిషికీ తెలిసేది. అందుకే అక్కడ వేటాడడం తేలిక కాదు. మనం కొట్టబోయే జంతువు మనల్ని పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!

ఆ అడవి అంచున బులిరెడ్డి అనే వేటగాడూ, అతని భార్య సోములమ్మా ఉండేవారు. బులిరెడ్డి బాణాలు ముదురు వెదురువి. వాటికి వెడల్పాటి ఇనుప ములుకులు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. అవి ఎక్కువ దూరం పోయేవి కావు. అందుకని అతను గాలికి ఎదురుగా, ఆకు కూడా కదలకుండా, జంతువు ఊపిరి వినబడేంత దగ్గరికి వెళ్ళేవాడు. అమ్ములపొది కూడా చిన్నదే. అడుగున ఎండుగడ్డి కుక్కి, బాణానికీ బాణానికీ మధ్య గుడ్డపేలిక పెట్టి, నడుముకి బిగించి కట్టేవాడు. పరిగెత్తినా చప్పుడయ్యేది కాదు. ఒక్క బాణం వేసేవాడు. జంతువు అక్కడే కూలిపోయేది. అడవి అతన్ని చూసి భయపడేది గానీ అసహ్యించుకునేది కాదు.

ఒకసారి పక్క ఊళ్ళో పందెం పెట్టారు. ఎవరి బాణం ఏరు దాటితే వాళ్ళదే గెలుపు. లచ్చిరెడ్డి అనే అతని రెల్లు బాణం ఈల వేసుకుంటూ పోయి అవతలి ఒడ్డున గుచ్చుకుంది. బులిరెడ్డి బాణం నడి ఏట్లో బుడుంగుమని మునిగింది. జనమంతా పడీపడీ నవ్వారు.

బులిరెడ్డి ఆ నవ్వు మరిచిపోలేకపోయాడు. ఇంటికి రాగానే పాత బాణాలన్నీ విరిచి పొయ్యిలో పెట్టాడు. రెల్లు కోసుకొచ్చి సన్నటి కాడలు చేశాడు. వాటికి గోరంత ములుకులు బిగించాడు. వెడల్పు నోటి బుట్టలాంటి పొది ఒకటి అల్లి, దాన్నిండా బాణాలు కుక్కి వీపున తగిలించుకున్నాడు. అడుగు వేస్తే గలగలమన్నాయి.

సోములమ్మ ఒక బాణం తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

"మావా, ఇవి పిట్టలకైతే బాగుంటాయి. పెద్ద జంతువుకి ఏం సరిపోతాయి?" అంది.

"ఎంత దూరం పోతాయో నువ్వు చూడలేదు," అన్నాడు బులిరెడ్డి.

"దూరం సరే. లోపలికి పోతాయా?"

"ఒకటి కాకపోతే ఇంకొకటి. పొది నిండా ఉన్నాయి కదే!" అని అతను అడవిలోకి వెళ్ళిపోయాడు.

మొదట ఒక దుప్పి కనబడింది. చాలా దూరంలో ఉంది. బులిరెడ్డి నారి లాగి వదిలాడు. బాణం దాని డొక్కలో సగం దిగి ఆగిపోయింది. దుప్పి అరుస్తూ పొదల్లోకి పారిపోయింది. తర్వాత ఒక అడవిపంది. బాణం దాని భుజం ఎముకకి తగిలి అక్కడే ఇరుక్కుంది. అదీ పారిపోయింది. ఆ తర్వాత గుర్రమంత ఎత్తున్న కణుజు, చెట్టు కొమ్మల్లాంటి కొమ్ములతో నిలబడి ఉంది. పొది గలగల విని అది పక్కకి తిరిగింది. గుండెకి తగలాల్సిన బాణం మెడలో గుచ్చుకుంది. కణుజు కూడా మంచులో కలిసిపోయింది.

బండ మీద పడుకున్న ముసలి ఉడుము ఇదంతా చూసింది.

"బులిరెడ్డీ, నెత్తుటి జాడ ఇంకా తడిగానే ఉంది. వెళ్ళి వెతుకు. అవి చావలేదు, బాగా బతికీ లేవు," అంది.

బులిరెడ్డి ఆకుల మీది ఎర్రటి చుక్కల వైపు చూశాడు. ఆ జాడ ముళ్ళపొదల్లోకి, లోయలోకి పోతోంది. వెనక్కి చెయ్యి పెట్టి పొది తడుముకున్నాడు. ఇంకా నిండుగానే ఉంది.

"ఆ ముళ్ళల్లో ఎవడు దూరతాడు? రేపొచ్చి వేరేవి కొడతాలే," అని ఇంటిదారి పట్టాడు.

ఉడుము బండ కిందికి జారిపోయింది.

మర్నాడు బులిరెడ్డి అడవిలోకి వచ్చేసరికి చప్పుడే లేదు. పిట్ట కూయడం లేదు. కీచురాయి కూడా నోరు మూసుకుంది. మంచు నడుము ఎత్తున నిలబడి ఉంది. అతను ఆగాడు. అప్పుడు వినబడింది.

టక్.

ఎండుకట్ట చెట్టుకి తగిలినట్టు. కాసేపటికి ఇంకోవైపు నుంచి, టక్. మళ్ళీ వెనకనుంచి, టక్... టక్...

"ఎవరది?" అని అరిచాడు బులిరెడ్డి.

చప్పుడు ఇంకా దగ్గరవుతోంది. మంచులోంచి ముందు కొమ్ములు కనబడ్డాయి. తర్వాత తల. తర్వాత మెడలో అడ్డంగా నిలిచిన రెల్లు బాణం. కణుజు ఒక్కో అడుగూ వేస్తుంటే ఆ బాణం కాడ చెట్లకి తగిలి టక్ టక్‌మంటోంది. దాని వెనకే దుప్పి నడుచుకుంటూ వచ్చింది. దాని డొక్కలో కూడా బాణం అలాగే ఉంది.

"బులిరెడ్డీ, నిన్నే వెతుకుతున్నాం," అంది దుప్పి మెల్లగా. "నాకు నిద్ర లేదు. పడుకుంటే నీ బాణం నేలకి తగిలి లోపల కదులుతోంది."

"నేను నీళ్ళకి మెడ వంచలేకపోతున్నాను," అంది కణుజు. "ఏరు ఎదురుగా ఉంది. తాగలేను. నువ్వు మొదలుపెట్టిన పని నువ్వే పూర్తి చెయ్యి."

బులిరెడ్డి గబగబా బాణం తీసి వేశాడు. అది కణుజు ఛాతీలో వేలెడు దిగి ఊగుతూ నిలిచింది. కణుజు పడలేదు. ఇంకొకటి వేశాడు. ఇంకొకటి. దుప్పి మీద, కణుజు మీద, చేతికి అందినవన్నీ వేశాడు. అవి కదలకుండా నిలబడి అతన్నే చూస్తున్నాయి. పొదిలోకి చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు.

"ఇవీ తేలిక బాణాలే," అంది కణుజు.

బులిరెడ్డి ఏడుపు ఆపుకుంటూ అడిగాడు. "పంది ఏది? అది రాలేదేం?"

"దానికి నొప్పి ఎక్కువై మాట పడిపోయింది," అంది దుప్పి. "కనబడినదాన్నల్లా పొడుస్తోంది. ఊటచెలమ వైపు పోయింది."

ఆ వేళకి ఊటచెలమకి నీళ్ళకోసం వెళ్ళేది సోములమ్మే.

బులిరెడ్డి పరిగెత్తాడు. ముళ్ళు గీసుకుపోతున్నా ఆగలేదు. చెలమ దగ్గర కుండ పగిలి ఉంది. సోములమ్మ బండకి ఆనుకుని కూలబడి ఉంది. ఆమె తొడ చీలిపోయి నెత్తురు కారుతోంది. ఎదురుగా పంది, కళ్ళు ఎర్రబడి, నోట నురగతో మళ్ళీ పొడవడానికి తల వంచింది.

విల్లు ఉంది, బాణం లేదు. బులిరెడ్డి నడుముకి దోపుకున్న గొడ్డలి తీసి ఇద్దరి మధ్యలోకి దూకాడు. కోర అతని చెయ్యి చీల్చింది. అయినా కదలకుండా నిలబడి గొడ్డలితో ఒక్క వేటు వేశాడు. పంది పక్కకి ఒరిగింది. పడ్డాక దానికి మాట వచ్చింది.

"ఇంత ఆలస్యమా, బులిరెడ్డీ?" అని ప్రాణం విడిచింది.

అతను సోములమ్మని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆకుపసరు పోసి, జరిగిందంతా చెబుతూ కట్టు కట్టాడు. ఆమె పళ్ళు బిగబట్టి భరించింది. మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది.

బులిరెడ్డి గాయపడిన చేత్తోనే ముదురు వెదురు నరికాడు. కాడ కాల్చి వంకర తీశాడు. బరువైన ములుకు పదును పెట్టి బిగించాడు. ఒకే ఒక్క బాణం పట్టుకుని తెల్లవారగానే లోయలోకి దిగాడు.

దుప్పి ముళ్ళపొద కింద చచ్చిపడి ఉంది. అతను రావడం చూడకుండానే అది పోయింది. బులిరెడ్డి దాని పక్కన చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి ఏటి వైపు నడిచాడు.

కణుజు నీళ్ళ ఒడ్డున నిలబడి ఉంది. ఒంటినిండా బాణాలతో, ముళ్ళచెట్టులా.

"దగ్గరికి రా," అంది.

బులిరెడ్డి దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకా దగ్గరికి. నీ చెయ్యి వణుకుతోంది. నా ఊపిరి లెక్కన నువ్వూ ఊపిరి తీసుకో."

అతను అలాగే తీసుకున్నాడు. చెయ్యి నిలిచింది. నారి వదిలాడు. చప్పుడే కాలేదు. కణుజు మోకాళ్ళ మీద వంగి, నీళ్ళలో మూతి ఆన్చి, మెల్లగా పక్కకి వాలింది.

బులిరెడ్డి ఇంటికి వచ్చేసరికి సోములమ్మ మేలుకుని ఉంది. అప్పటికి గానీ ఆమె నోరు విప్పలేదు.

"కణుజు పడిందా, మావా?"

"పడింది."

"బాధపడిందా?"

"ఈసారి లేదు, సోములూ," అన్నాడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోములమ్మ కాలు నొప్పి పెడుతున్నా కాస్త జరిగి, చాప మీద అతనికి చోటిచ్చింది.

నీతి: ఒక ప్రాణి మీద చెయ్యి ఎత్తినవాడు దాని బాధని మధ్యలో వదిలేసి పోకూడదు, మెప్పు కోసం చేసిన సగం పని దెబ్బ మన వాళ్ళకే వచ్చి తగులుతుంది.