పూలు లేని పూల టీ

అనగనగా, ఓడలొచ్చి ఆగే ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. మనసు వెన్నే, నోరే కాస్త పెద్దది.

ఒకసారి లిన్ అని ఓడలో పనిచేసే చైనా అతను జ్వరంతో రేవులో పడిపోతే, ఆవిడే ఇంటికి తెచ్చి గంజి పోసి బతికించింది. ఆ తర్వాత అతను తన దేశం వెళ్ళి, మరో ఓడలో ఆవిడకి ఒక టీ డబ్బా పంపాడు. మల్లెపూల ఊలాంగ్ టీ అట, వాళ్ళ దేశంలో ఒక రకం. రేవు నుంచి ఆ డబ్బా తెచ్చి ఇచ్చింది పైడమ్మ. వీధి వీధీ తిరిగి పూలమ్ముకునే మనిషి.

వరహాలమ్మ మూత తీసింది. గుప్పున మల్లెల వాసన! లోపల చూస్తే మిరియాల్లా ఉండలు చుట్టుకున్న ఆకులే, ఒక్క పువ్వూ లేదు. అప్పుడావిడ పైడమ్మ కొప్పు చూసింది. కొప్పు నిండా మల్లెలు.

"వాసనుంది, పూలు లేవు. దారిలో నువ్వే ఏరుకున్నావు కదూ?" అంది.

"నేదు అమ్మగోరూ, నాను మూతే తీయనేదు," అంది పైడమ్మ.

వరహాలమ్మ వినలేదు. డబ్బా అటక మీద పడేసి, వీధంతా చెప్పింది. బుట్టెడు పూలున్న మనిషికి డబ్బాలో పూలెందుకే అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు చూశావా! పైడమ్మ మూడు రోజులు "మల్లెపూలోయ్" అని అరుచుకుంటూ తిరిగింది. మూడు రోజులూ ఏ తలుపూ తెరుచుకోలేదు. ఆ తర్వాత ఇక రావడం మానేసింది.

కొన్నాళ్ళకి లిన్ వచ్చాడు. వరహాలమ్మ డబ్బా దింపి, పాలూ బెల్లం వేసి మరిగించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కాగిన నీళ్ళు కాస్త చల్లారనిచ్చి, ఆకు మీద పోశాడు. ఉండలు మెల్లగా విప్పుకున్నాయి. చిన్న గిన్నెలో వంచి, ముందు వాసన చూడమన్నాడు. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోసి, ఈసారి గుక్క నోట్లో కాసేపు ఉంచుకోమన్నాడు. మూడోసారి పోస్తుంటే ఆవిడ ఉండబట్టలేక, "మరి పూలేవి నాయనా?" అని అడిగింది.

"పూలు ఉండవు అమ్మా," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "రాత్రి ఆకులో పూలు కలుపుతాం. పొద్దున ఏరి పారేస్తాం. మూడు రాత్రులు అలాగే. వాసన ఆకులో ఉంటుంది."

వరహాలమ్మకి తల కొట్టేసినట్టయింది. మూడో గిన్నె అక్కడే పెట్టేసి లేచింది.

అప్పుడు డబ్బా పట్టుకుని పైడమ్మ ఇంటికి వెళ్ళింది. మొదటిసారి గుమ్మం దాకా వెళ్ళి, సిగ్గేసి వెనక్కొచ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి పైడమ్మే చూసి, "ఏటమ్మా?" అంది.

వరహాలమ్మ జరిగిందంతా చెప్పి, అక్కడే టీ కాచి ఇచ్చి, "తప్పు నాదే, మన్నించవే" అని ఏడ్చింది. పైడమ్మ గిన్నె వాసన చూసింది.

"పూలు ఏరి పారేసినా వాసన పోనేదు కదమ్మా," అంది. "మీరన్న మాటా అంతే. మీరు ఎనక్కి తీసుకున్నా, ఈదిలో ఉండిపోద్ది."

వరహాలమ్మ మర్నాడు పూలబుట్ట తన నెత్తిన పెట్టుకుంది. పైడమ్మ పక్కన నడుస్తూ ఇంటింటి ముందూ ఆగి, "తప్పు నాది, పైడమ్మ ఏమీ తియ్యలేదు" అని అరిచింది. కొందరు పూలు కొన్నారు. కొందరు తలుపు తియ్యలేదు. ఆ తలుపుల కోసం మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది.

అందరికంటే ఆఖరున తెరుచుకున్న తలుపు మా ఇంటిదేనే తల్లీ. నీ అంత పిల్లని, ఆ తలుపు వెనకే నిలబడి అన్నీ విన్నాను. గడియ తియ్యలేదు. ఇప్పటికీ చెప్పుకోడానికి సిగ్గే నాకు.

కథేమో కంచి చేరింది, కన్నేమో నిద్ర కోరింది,
మనమేమో ఇంట్లోనే, నువ్వేమో నా ఒళ్ళోనే.