కొమ్ము మొలిచిన అక్షరం

అనగనగనగా, గడియారస్తంభం ఉన్న ఒక ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. స్తంభం కింద గోనెపట్టా పరిచి పుస్తకాలు అమ్మేది. పాతవీ, కొత్తవీ, అట్టలూడినవీ, అన్నీ. బేరాలు లేనప్పుడు ఒళ్ళో అట్ట పెట్టుకుని తనూ కథలు రాసేది.

ఆవిడకి ఒక్కతే కూతురు. నీలవేణి. నీ ఈడుదే. నవ్విందంటే ఇక ఆగదు.

ఆ పిల్ల నవ్వు మీదే వరహాలమ్మ ఒక పుస్తకం రాసింది. పేరు 'మా ఇంటి నవ్వు'. అచ్చయి వచ్చాక పిల్ల చేతిలో పెట్టాలని ఎవరికీ చెప్పలేదు. పిల్లకి అసలే చెప్పలేదు.

అక్కడే వచ్చింది తంటా.

నీలవేణి రోజూ అడిగేది. "ఏం రాస్తున్నావే అమ్మా?" అంటే, "ఏం లేదు పో" అనేది వరహాలమ్మ. "కాస్త చదివి వినిపించవే" అంటే, "తర్వాత" అనేది. ప్రెస్సుకి ఇచ్చే రోజున మూడోసారి అడిగితే కాగితాలు చటుక్కున దాచేసి, "విసిగించకు, ఫో అవతలకి!" అని కసిరేసింది.

అప్పుడు నీలవేణి అంది కదా, "ఊళ్ళో అందరికీ కథలిస్తావు. నాకే ఇవ్వవు. నీకు నేనక్కర్లేదు."

బడిసంచీ తీసుకుని వెనక వీధిలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

పిల్ల కదా, పొద్దుగూకేసరికి వస్తుందిలే అనుకుంది వరహాలమ్మ. రాలేదు. మర్నాడు వెళ్ళి పిలిస్తే తలుపు చాటున నిలబడింది. రెండో రోజు తల అడ్డంగా ఊపింది. మూడో రోజు అసలు బయటికే రాలేదు. "నేను చెప్తాలే, నువ్వెళ్ళవే" అని పెద్దమ్మే పంపేసింది.

తిరిగొస్తూ వరహాలమ్మ దారిలోనే ఆగిపోయింది. ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయింది. పుస్తకం వస్తే చాలు, అనుకుంది. అట్ట మీద పేరు చూపిస్తే చాలు. వచ్చేస్తుంది.

వింటున్నావా?

ఆ రోజే పుస్తకాలు వచ్చాయి. ప్రెస్సు కామయ్య రిక్షాలో తెచ్చి దింపాడు. వరహాలమ్మ ఆత్రంగా కట్ట విప్పింది.

అట్ట మీద ఏముందో తెలుసా? 'మా ఇంటి నువ్వు'.

'న'కి కొమ్ము మొలిచింది! ఒక్క కొమ్ముతో నవ్వు కాస్తా నువ్వయి కూర్చుంది.

"ఇదేంటి కామయ్యా?" అంది.

"కొమ్మే కదమ్మా. పొడుస్తుందా ఏం?" అని ఆయన రిక్షా ఎక్కి చక్కా పోయాడు.

అప్పుడు వరహాలమ్మ బ్లేడు తీసుకుని కొమ్ములు గీకడం మొదలెట్టింది. మొదటి పుస్తకానికి అట్ట చిరిగింది. రెండోదానికి కొమ్ముతో పాటు 'న' కూడా పోయింది. మూడోదానికి వేలు తెగింది.

ఇంతలో ఒకావిడ ఆగింది. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఏమ్మా, నువ్వుండలకి పాకం ఎంతసేపు పట్టాలో ఇందులో ఉందా?" అంది.

"ఇది వంటల పుస్తకం కాదమ్మా."

"మరి నువ్వులని ఎందుకేశారో!" అని మూతి తిప్పుకుని పోయింది.

ఆ తర్వాత తెలుగు మాస్టారొకాయన ఆగాడు. పేరు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంక ఈ పుస్తకానికి నువ్వులూ నీళ్ళూ వదిలెయ్యడమే వరహాలమ్మా!" అన్నాడు. అంటే, ఆశ వదులుకోమని.

వరహాలమ్మ తల వంచుకుని గీకుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు. కొమ్ము సరిగ్గా కనబడ్డం లేదు.

అప్పుడే బడి వదిలారు.

మూడోసారి ఎవరో ఆగారు. పట్టా అంచున రెండు చిన్న చెప్పులు. ఎవరో కూడబలుక్కుని చదువుతున్నారు.

"మా... ఇంటి... నువ్వు."

వరహాలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదనుకున్నావు?

"అమ్మా" అంది నీలవేణి.

"ఊఁ."

"మా ఇంటి నువ్వు అంటే... నేనేనా?"

అచ్చుతప్పే తల్లీ, అని చెప్పబోయింది వరహాలమ్మ. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోగా పిల్ల పుస్తకం తెరిచింది. ఒక పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. మూడో పేజీలో, "ఓలమ్మో, మజ్జిగ కుండలో దువ్వెన పడేసింది నేనే కదే!" అని పకాలున నవ్వింది.

మూడు రోజులకి ఆ నవ్వు వినబడింది.

వరహాలమ్మ ఊపిరి పీల్చుకుంది.

"నువ్వేనే. మా ఇంటి నువ్వు" అంది.

"మరి బ్లేడెందుకు?"

"ఎందుకూ లేదు." కాగితంలో చుట్టి పారేసింది.

"నాకు చదివి వినిపిస్తావా?"

"ఇప్పుడే వినిపిస్తా. పద."

ఇంకా బాగా పొద్దుండగానే వరహాలమ్మ పట్టా చుట్టేసింది. ఒక చేత్తో పుస్తకాల మూట, ఇంకో చేత్తో పిల్ల చెయ్యి. ఎంత గట్టిగా పట్టుకుందంటే, "నొప్పే అమ్మా" అంది నీలవేణి. అయినా వదల్లేదు.

కథేమో కంచి బస్సెక్కింది,
నిద్రేమో నీ కంటికెక్కింది,
ఇల్లేమో మన చుట్టూనే ఉంది.