గుబురయ్య చిగుళ్ళు

అనగనగా ఓ చిట్టడవి. అందులో గుబురయ్య అనే ఎలుగుబంటి. పాపం, ఆయనకు షుగరు జబ్బు!

ఆ అడవిలో షుగరు పరీక్ష చీమలు చేసేవి. ఒంటేలు పోసిన చోట చీమలు మూగితే షుగరు ఎక్కువున్నట్టు. మూగకపోతే తగ్గినట్టు. నవ్వకండర్రా, కథ వినండి.

గుబురయ్య తేనె మానేశాడు. ఇప్పపువ్వు మానేశాడు. మందు మింగి రోజూ వాగు దాకా నడిచాడు. అయినా చీమలు దండు కట్టి వచ్చేవి.

"ఇవాళా తియ్యగానే ఉందండోయ్!" అని అడవంతా వినపడేలా అరిచేవి.

భార్య నల్లమ్మకు ఒళ్ళు మండింది.

"దొంగచాటుగా తేనె తాగుతున్నావు కదూ?"

"నీ మీద ఒట్టు, ముట్టలేదే!"

నల్లమ్మ ముందు ఆయన అరచేతులు వాసన చూసింది. తేనె వాసన లేదు. తర్వాత ఎండుటాకుల పక్క దులిపింది. తేనెపట్టు దొరకలేదు. చివరికి "ఏదీ, నోరు తెరువు!" అంది. తెరిచాడు. అంతే! నల్లమ్మ ముక్కు మూసుకుని ఆమడ దూరం గెంతింది.

"ఛీ ఛీ! పళ్ళు తోమి ఎన్నాళ్ళయిందయ్యా?"

గుబురయ్య నసిగాడు. "వేపపుల్ల పెడితే చిగుళ్ళ నుంచి నెత్తురొస్తోందే. భయమేసి మానేశా. ముందు పన్ను కూడా ఊగుతోంది. పళ్ళన్నీ రాలిపోతే ఏం తిని బతకనే?"

నల్లమ్మకు కోపం పోయి గుబులు పట్టుకుంది. వెంటనే పళ్ళ డాక్టరు కొంగమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

కొంగమ్మ మెడ దాకా తలను ఆయన నోట్లో దూర్చింది. "తుమ్మకు నాయనా, నా పిల్లలింకా చిన్నవాళ్ళు!" అంది.

బయటికొచ్చి చెడామడా తిట్టింది. "తోమకపోబట్టే చిగుళ్ళు ఇంతగా వాచాయి. షుగరుంటే చిగుళ్ళు తొందరగా పాడవుతాయి. అవి పాడైతే షుగరు ఓ పట్టాన దిగదు. నెత్తురు కనపడగానే నా దగ్గరికి రావద్దూ?"

చిగుళ్ళు శుభ్రం చేసింది. ఊగే పన్ను మాత్రం ఊడొచ్చింది.

"మళ్ళీ మొలుస్తుందా డాక్టరమ్మా?"

"ఈ వయసులోనా? మొలవదు."

గుబురయ్య బావురుమన్నాడు. "నిన్ను ఊరికే అనుమానించానయ్యా" అని నల్లమ్మ కూడా ఏడ్చింది.

ఆనాటి నుంచి రెండు పూటలా మెత్తటి పుల్లతో తోముకున్నాడు. మందూ నడకా మానలేదు. మెల్లగా షుగరు దిగింది. మిగతా పళ్ళు దక్కాయి.

ఇప్పుడు ఎవరు ఎదురుపడినా గుబురయ్య వదలడు. బోసి సందు చూపించి, "నెత్తురుకు భయపడి పోగొట్టుకున్నానురా! ఏదీ, నీ నోరు తెరువు!" అంటాడు.

నీతి: షుగరున్నవాళ్ళు రోజూ పళ్ళు తోముకోవాలి. చిగుళ్ళ నుంచి నెత్తురొస్తే తోమడం మానకూడదు, డాక్టరుకు చూపించుకోవాలి.