వరాలు ముక్కులో సందు ఎలా పడింది

ఒకప్పుడు కొంగలన్నిటి ముక్కులూ ఒక్క తీరుగానే ఉండేవి. పొడుగ్గా, నున్నగా, మూస్తే గడ్డిపరక కూడా దూరనంత బిగుతుగా!

ఆ కాలంలో కొల్లేటి నడుమ, నీళ్లలో నిలబడ్డ ఒక తుమ్మచెట్టు మీద వరాలు అనే కొంగ కాపురం ఉండేది. తెల్లటి ఒళ్లు, రెక్కల అంచులు మాత్రం నల్లన. దాని మొగుడి పేరు పోలయ్య. పోలయ్యకి మాటలెక్కువ. వరాలుకి పట్టుదల ఎక్కువ.

అప్పట్లో గూడు కట్టడానికి కొంగలకి ఒక రుతువంటూ లేదు. బుద్ధి పుట్టినప్పుడు నాలుగు పుల్లలు పేర్చేయడమే! ఎండా, వానా, చలీ అని చూసేవి కావు. ఎందుకు చూడాలి? చెట్టు దిగితే చేప. ముక్కు ముంచితే చేప. తిన్నంత తిని, మిగిలింది కాకులకి పారేసేవి.

నత్తల జోలికి మాత్రం ఏ కొంగా పోయేది కాదు. నత్త ఇంటికి తలుపుంది మరి! ముక్కు తగిలిందో లేదో, ఫట్‌మని మూసేసుకునేది. "ఇంట్లో ఎవరూ లేరు! మళ్లీ రండి!" అని లోపల్నుంచే కేకేసేది.

ఆ ఏడు వరాలు నడి ఎండాకాలంలో మూడు గుడ్లు పెట్టింది.

ఆ ఎండ మామూలు ఎండ కాదు. కొల్లేరు రోజురోజుకీ చిక్కిపోయింది. అంత పెద్ద సరస్సూ చివరికి అక్కడో గుంట, ఇక్కడో గుంట అయింది. కిక్కిస గడ్డి ఎండి గలగలమంది.

"పిల్లల్లారా, నా వల్ల కాదర్రా," అంది కొల్లేరు నీరసంగా. "వానొచ్చేదాకా ఎక్కడికన్నా పోయి బతకండి."

రాజహంసలు సముద్రం వైపు లేచాయి. గూడబాతులు దక్షిణం పట్టాయి. మిగతా కొంగలు కూడా ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. తుమ్మచెట్టు మీద వరాలూ పోలయ్యా మిగిలారు.

"మనం కూడా పోదాం పద వరాలూ. గుడ్లదేముంది, ఇంకోసారి పెట్టుకోవచ్చు," అన్నాడు పోలయ్య.

వరాలు గుడ్ల మీదికి వంగింది. "మావా, ఇలా రా. చెవి పెట్టి విను," అంది.

పోలయ్య వంగి విన్నాడు. గుడ్డులోంచి టిక్... టిక్... టిక్!

"ఓసి దీని దుంపతెగ! లోపల ఎవరో ఉన్నారే!"

"ఎవరో ఏమిటి మావా, మన పిల్లలు!"

ఆ తరవాత పోలయ్య మళ్లీ ప్రయాణం ఊసెత్తితే ఒట్టు. ఒకరు రెక్కలు విప్పి గుడ్లకి నీడ పట్టేవారు. ఇంకొకరు గుంటలో మిగిలిన చేపలు తిని, నోటి నిండా నీళ్లు తెచ్చి గుడ్ల మీద చిలకరించేవారు.

మూడు గుడ్లూ చిట్లాయి. మూడు పిల్లలూ తలలెత్తాయి. సరిగ్గా అప్పుడే పడమటి దిక్కున నల్లగా మబ్బు లేచింది!

"వానే! వాన!" అని పోలయ్య కొమ్మ మీద గంతులేశాడు.

వాన వచ్చింది. అదేం వాన! చినుకు చినుకుకీ నేల మీద గుంట పడింది. బుడమేరు వాగూ తమ్మిలేరు వాగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరికి వచ్చాయి. "తప్పుకోండి, తప్పుకోండి! ముందు నేను!" "కాదు, నేను!" అని అరుచుకుంటూ కొల్లేట్లో పడ్డాయి. కొల్లేరు లేచి కూర్చుంది. లంకల్ని తడిపింది, గట్లు దాటింది, చేలల్లోకి నడిచింది.

"ఇంక మన పిల్లలకి చేపలే చేపలు!" అనుకుంటూ వరాలు నీళ్లలో దిగింది.

ముక్కు ముంచింది. ఏమీ తగల్లేదు. ఇంకోచోట ముంచింది. అక్కడా లేదు. నీళ్లు చూస్తే ఎర్రటి బురద, తన కాళ్లు తనకే కనిపించడం లేదు.

దూరంగా ఒక కొర్రమీను తల పైకెత్తింది. "ఏం వరాలక్కా! ఇన్నాళ్లూ గుంటల్లో ఇరుక్కుని, మీ ముక్కులకి జడిసి చచ్చాం. ఇప్పుడు మాకు ఊరంత చోటు దొరికింది. పట్టుకో చూద్దాం!" అని బుడుంగున మునిగింది.

కొల్లేటి నిండా నీళ్లు. తినడానికి ఒక్క చేప లేదు!

గూట్లో పిల్లలు నోళ్లు తెరిచి ఏడుస్తున్నాయి. అన్నిటికన్నా చిన్నదాన్ని బుడ్డది అని పిలిచేవారు. పొద్దున అదీ గట్టిగానే ఏడ్చింది. మధ్యాహ్నానికి దాని గొంతు సన్నబడింది. వరాలు పోలయ్య వైపు తిరిగింది.

"మావా, మనం ఏదో ఒకటి పట్టుకురావాలి. ఏదైనా సరే!"

అప్పుడు కనిపించాయి నత్తలు. ఎండలకి బురదలో దూరి, తలుపేసుకుని నిద్రపోయిన నత్తలన్నీ వాన చప్పుడుకి లేచాయి. లంక అంచున మోకాల్లోతు నీళ్లలో బారులు తీరి నడుస్తున్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ, నిమ్మకాయంత ఒక్కొక్కటి!

వరాలు ఒకదాన్ని పట్టుకుంది. ఫట్! తలుపు పడింది.

"ఇంట్లో ఎవరూ లేరు!"

"లేకపోతే ఆ మాట్లాడేదెవరే?" అని కసిరాడు పోలయ్య. కోపంతో ఒక నత్తని గుల్లతో సహా మింగేశాడు. అది గొంతులో అడ్డం పడింది. కళ్లు తేలేసి, దగ్గి దగ్గి, ఎలాగో కక్కాడు. నత్త నీళ్లలో పడి, "లోపల చీకటిగా ఉంది బాబూ, దీపం పెట్టించు!" అంటూ నడిచిపోయింది.

వరాలు ఇంకొక నత్తని పట్టుకుని ఆకాశంలోకి ఎగిరింది. పైనుంచి పడేసింది. పగలాలిగా! కొల్లేటి లంకల్లో రాయెక్కడుంది? అంతా బురదే. నత్త మెత్తగా దిగబడి, "ఆహా! ఇంకోసారి ఎగరెయ్యి!" అని నవ్వింది.

ఆ పక్కనే ఆదెమ్మ అనే ముసలామె తాటిదోనెలోకి బాతుల్ని ఎక్కించింది. వరద ఆమె గుడిసె గుమ్మం దాకా వచ్చింది. మెరకకి వెళ్లేముందు బాతులకి మేత పెడదామని, రోకలితో నత్తల్ని దంచుతోంది.

వరాలు సిగ్గు విడిచి ఆమె ముందు వాలింది. "మామ్మా, మామ్మా! నా పిల్లలు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఒక్క గుప్పెడు పెట్టవూ?"

ఆదెమ్మ రోకలి ఆపింది. "అయ్యో తల్లీ, పసివాళ్లే? ఉండు!" అని పెంకులు ఏరేసి, మెత్తటి కండ గుప్పెడు తీసి ఇచ్చింది. "ఒక్క పెంకు ముక్క కూడా పోనీకు. నా బాతులకైతే అరుగుతుంది గానీ, నీ పిల్లల గొంతు కోసుకుపోతుంది. గుల్ల పగలకూడదు, నత్త బయటికి రావాలి."

"అదెలా మామ్మా?"

"అది తెలిస్తే నాకీ రోకలెందుకే అమ్మాయ్!" అని ఆదెమ్మ దోనె తోసుకుని వెళ్లిపోయింది.

ఆ గుప్పెడు కండతో పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. బుడ్డది కళ్లు తెరిచి, "అమ్మా, ఇంకా!" అంది.

ఇంకా అంటే ఎక్కడిది?

వరాలు మళ్లీ నీళ్లలో దిగింది. ఆ లంకలోకెల్లా పెద్ద నత్త ఒకటి ఎదురొచ్చింది. వరాలు పై ముక్కుతో దాన్ని బురదలోకి అదిమిపట్టింది. కింది ముక్కు మొనని తలుపు అంచున పెట్టింది. నెట్టింది. నున్నటి ముక్కు సర్రున జారింది.

మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది.

"వరసగా ఎంతమంది వచ్చారో తెలుసా నా తలుపు దగ్గరికి?" అంది నత్త లోపల్నుంచి. "పీత వచ్చింది, తాబేలు వచ్చింది. అందరూ ఓడిపోయి వెళ్లారు. నువ్వూ వెళ్లమ్మా, పొద్దుపోతోంది!"

"వాళ్ల పిల్లలు గూట్లో ఏడవడం లేదు. నా పిల్లలు ఏడుస్తున్నారు," అంది వరాలు.

మెడ బిగించింది. కాళ్లు బురదలో పాతింది. ఉన్న బలమంతా ముక్కులో పెట్టింది. పై ముక్కు పైకి వంగుతోంది. కింది ముక్కు కిందికి వంగుతోంది. దవడలు భగ్గుమన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వరాలూ! వదిలెయ్యవే! నీ ముక్కు వంకరపోతోంది!" అని పోలయ్య లబోదిబోమన్నాడు.

వరాలు బిగబట్టిన ముక్కులోంచే గొణిగింది. "పోతే పోనీ మావా! ముక్కు చక్కగా ఉండి, గూడు ఖాళీగా ఉంటే ఎవరికి?"

ముక్కు అంచులు గుల్లకి రాసుకుని గరుకెక్కాయి. ఆ గరుకు నత్తని జారిపోకుండా పట్టింది! కింది మొన తలుపు కిందికి దూరింది. కొంచెం... ఇంకొంచెం... లోపల తలుపుని పట్టుకున్న నరం లాంటిదేదో తగిలింది. వరాలు ముక్కు మొనతో దాన్ని తెగ్గోసింది.

టక్!

తలుపు ఊడింది! నత్త కండ మొత్తం మెత్తగా బయటికి వచ్చింది. గుల్ల మీద చిన్న గీత కూడా పడలేదు!

"తీశావే! తీశావే!" అని పోలయ్య నీళ్లన్నీ చిందిస్తూ లంక చుట్టూ పరిగెత్తాడు. చుట్టుపక్కల నత్తలన్నీ ఫట్ ఫట్ ఫట్‌మని తలుపులు వేసుకున్నాయి. ఈసారి ఏ నత్తా నవ్వలేదు.

వరాలు రివ్వున గూటికెగిరింది. మొదటి ముద్ద బుడ్డదానికే పెట్టింది. అది గుటుక్కున మింగి, ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుంది. ఆ సాయంత్రం పోలయ్య కూడా తలుపులు తీయడం నేర్చుకున్నాడు. మొదటి నత్తకి అబ్బా అన్నాడు, రెండోదానికి అమ్మో అన్నాడు, ఆ తరవాత అనడానికి ఖాళీ లేక మానేశాడు.

పిల్లలు కడుపు నిండా తిని నిద్రపోయాక వరాలు ముక్కు మూయబోయింది. మొన మొనకి కలిసింది, మొదలు మొదలుకి కలిసింది. మధ్యలో మాత్రం కలవలేదు. మళ్లీ మూసింది. అంతే, సందు సందుగానే ఉండిపోయింది!

వరద తగ్గి, వలస పోయిన కొంగలు తిరిగొచ్చాయి. వరాలుని చూసి ఒకటే నవ్వు.

"ఏమిటే ఆ ముక్కు? దాంట్లోంచి అవతలి గట్టు కనిపిస్తోంది!"

"గాలొస్తే ఈల వేస్తుందా?"

వరాలుకి కాస్త బాధ కలిగింది. కానీ అప్పుడే దాని మూడు పిల్లలూ గూటి అంచుకొచ్చి, రెక్కలు టపటపలాడించి, ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. నవ్వే కొంగల తలల మీదుగా గిర్రున తిరిగాయి. కింద కొంగలు నవ్వు ఆపి, మెడలు సాచి చూశాయి. అవి అంత ఒడ్డూ పొడుగూ ఉన్న కొంగపిల్లల్ని ఎప్పుడూ చూడలేదు.

ఒక కొంగ మెల్లగా దగ్గరికి జరిగింది. "వరాలూ, ఆ తలుపు తీసే కిటుకు మాకూ చెప్పవే," అంది. వరాలు చెప్పింది. నేర్చుకున్నవాళ్ల ముక్కుల్లోనూ సందు పడింది. వద్దనుకున్నవాళ్లు చేపలతోనే ఉండిపోయారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. పోలయ్య అలవాటు కొద్దీ ఒక పుల్ల పట్టుకొచ్చాడు. "కట్టేద్దామా గూడు?"

"ఆగు మావా. ముందు నత్తలు లేచాయో లేదో చూడు."

పోలయ్య బురద తవ్వి చెవి పెట్టాడు. "ఇంకా గురక పెడుతున్నాయే!"

"అయితే మనమూ ఆగుదాం. వాటిని వాన లేపుతుంది. అవి లేస్తే మన పిల్లలకి తిండి. తిండి కనపడ్డాకే గూడు."

తొలకరి పడింది, నత్తలు లేచాయి, తుమ్మచెట్టు మీద గూడు లేచింది! ఆ పిల్లలకి ఒక్కరోజు కూడా ఆకలి తెలియలేదు. ఇంకొక ఏడు వానే రాలేదు. ఆ ఏడు వరాలు ఒక్క పుల్ల కూడా ముట్టుకోలేదు. అందర్నీ వెంటబెట్టుకుని, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ వేరే దేశం ఎగిరిపోయింది. కొల్లేరు నిండిందని గాలి కబురు తెస్తే తిరిగొచ్చింది.

ఇదంతా కాకముందు, బుడ్డది ఎగరడం నేర్చిన కొత్తలోనే ఒకరోజు నీళ్లలో తన నీడ చూసుకుని దిగులుగా వచ్చింది. "అమ్మా, నీ ముక్కులో సందుంది, నాన్న ముక్కులో సందుంది. నా ముక్కు చూడు, ఎంత తిన్నగా ఉందో! నేను మీ పిల్లని కానా?"

వరాలు నవ్వి, ఒక నత్తని దాని ముందుకి తోసింది. "నువ్వు ఇంతవరకూ నేను తీసిపెట్టింది తిన్నావు. ఇదిగో, ఈ తలుపు నువ్వే తియ్యి."

బుడ్డది కాళ్లు బురదలో పాతింది. మెడ బిగించింది.

అప్పటినుంచే ముక్కులో సందున్న కొంగని అందరూ నత్తగుల్ల కొంగ అంటున్నారు. అప్పటినుంచే అది వానలు పడి నత్తలు లేచాకే గూడు కడుతుంది, నీళ్లు ఎండితే ఎంత దూరమైనా ఎగిరిపోతుంది. దాని పిల్లలు ఇవాళ్టికీ తిన్నని ముక్కులతోనే పుడతాయి. తమ నత్తల్ని తామే తీసుకు తినడం మొదలుపెట్టాకే, రోజు రోజుకీ కొంచెం కొంచెంగా, ఆ ముక్కుల్లో సందు పడుతుంది.