వాపును శత్రువనుకున్న శేషగిరి

విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలను నడిపే శేషగిరికి తెలివికి కొదవ లేదు గాని, ఎవరైనా ఎదురుమాట అంటే గిట్టేది కాదు.

అతనికి హైమవతి అనే చెల్లెలు ఉండేది. పాతికేళ్లకే ఆమెకు నరాల జబ్బు పట్టుకుంది. నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆమె ఒంట్లోని రక్షణ కణాలే దారితప్పి ఆ పొరను కొరికేసేవి. పొర చెడిన నరం మెదడు చెప్పిన మాటను కాళ్లకు సరిగా చేరవేయదు. హైమవతి కాళ్లు ఈడుస్తూ నడిచేది. "నాకేం భయం, మా అన్నయ్య మందు కనిపెడతాడుగా" అని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది.

ఆ కణాలు చేరినచోట వాపు వస్తుంది. ఆ వాపే శత్రువని శేషగిరి తీర్మానించుకున్నాడు. దాన్ని ఆనవాలు లేకుండా అణిచేసే మందు తయారుచేసి, ఎలుకల మీద పరీక్షలు మొదలుపెట్టాడు.

అతని దగ్గర సలోమి అనే పరిశోధకురాలు పనిచేసేది. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆమెకు తిండి ధ్యాస ఉండేది కాదు. ఒకరోజు అందరూ సమావేశమైనప్పుడు ఆమె కొన్ని ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచింది.

"సార్, చెడిన పొర తునకలు నరం దగ్గరే పేరుకుపోతున్నాయి. అవి అడ్డుగా ఉంటే కొత్త పొర పడటం లేదు. వాటిని మింగి శుభ్రం చేసేది వాపుతో వచ్చే కణాలే. మన మందు వేసిన ఎలుకల్లో ఆ కణాలు లేవు. చెత్త అలాగే ఉంది" అంది.

"అంటే, పొరను కొరికినవాటినే పిలిచి పీట వేయమంటావా?" అన్నాడు శేషగిరి.

"దాడిని ఆపాల్సిందే సార్. కానీ శుభ్రం చేసే పని జరగనివ్వాలి. అది అయ్యాక వాపు తగ్గాలి. మొదటి రోజే మొత్తం అణిచేస్తే బాగుచేసే దిక్కు కూడా ఉండదు."

శేషగిరి మొహం జేవురించింది. "నాకే పాఠాలు చెప్పేంతదానివయ్యావన్నమాట!" అన్నాడు. ఫొటోల వంక చూడనైనా చూడలేదు. నెల తిరగకుండా ఆమెను ఆ పని నుంచి తప్పించి, పాత కాగితాలు సర్దడానికి వేశాడు. ఏడాది ఓర్చుకుని సలోమి ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కడ ఎవరూ నోరెత్తలేదు. మంచి ఫలితమైతే చెప్పేవారు. చెడ్డదైతే మింగేసేవారు.

సలోమి ఆ ఫొటోలు తెచ్చిన ఆరేళ్లకు బయటి నిపుణులు పరీక్షకు వచ్చారు. మందు వేసిన ఎలుకల్లో వాపు లేదు. కొత్త పొరా లేదు. తునకల మధ్య నరాలు బోసిగా ఉన్నాయి.

"ఇది మొదట్లోనే కనిపించి ఉండాలే! మీకెవరూ చెప్పలేదా?" అని అడిగాడు వాళ్లలో పెద్దాయన.

ఆ పని అంతటితో ఆగిపోయింది.

అతను సలోమిని వెతుక్కుంటూ నరసరావుపేట వెళ్లాడు. ఆమె అక్కడ ఒక బడిలో సైన్సు చెబుతోంది.

"నువ్వు చెప్పిందే నిజమైంది. తిరిగి రా అమ్మా" అన్నాడు.

"నా మాట తప్పని మీరు రుజువు చేసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు సార్. మీరు చూడనైనా లేదు" అంది సలోమి. "ఇన్నేళ్లలో నా చేతులు ఆ పనే మరిచిపోయాయి. గంట కొట్టారు, క్లాసుకు వెళ్లాలి."

శేషగిరి ఇల్లు చేరాడు. హైమవతి చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది.

"అన్నయ్యా, మందు ఎంతవరకు వచ్చింది?"

"మొదటికొచ్చింది. ఎక్కడ తప్పుతున్నామో ఒకమ్మాయి చెప్పింది. నేనే వినలేదు."

"ఎప్పుడు చెప్పింది?"

"ఆరేళ్ల కిందట."

హైమవతి తన కాళ్ల వంక చూసుకుంది. "అప్పటికి నేనింకా నడుస్తున్నాను" అంది.

తప్పు చూపే మాట మొదట మంట పుట్టిస్తుంది. ఆ మంటను ఓర్చుకోలేనివాడు తాను చెడటమే కాదు, తనను నమ్ముకున్నవాళ్లు బాగుపడే దారిని కూడా మూసేస్తాడు.